వచ్చే దారి, పోయే దారి: ప్రపంచ దేశాల పౌరసత్వ సేవల రివ్యూ

ఏ దేశపు పౌరసత్వం గురించి మాట వచ్చినా అందరూ ముందు అడిగేది ఎన్నేళ్లకు ఇస్తారని. ఆ తర్వాత ఫీజెంత అని. ఇచ్చినదాన్ని ఎప్పుడు తీసేస్తారు, ఏ కారణంతో తీసేస్తారు, మనకు చెప్పి తీస్తారా చెప్పకుండానే తీస్తారా అని అడిగేవాళ్లు చాలా తక్కువ. ఫీజు కట్టి, ఫారం నింపి, నెలల తరబడి ఎదురుచూసి తీసుకునే సేవే కదా ఇది. అలాంటప్పుడు మిగతా సేవల్లాగే రద్దు షరతులు చూసి తూచాలి. ఇక్కడ మేము మార్కులు వేసింది ఆ లెక్కనే.

ముందు పుట్టుక సంగతి. పుట్టిన నేలను బట్టి పౌరసత్వం ఇవ్వడంలో పేరున్నది అమెరికా. 1868 నాటి 14వ రాజ్యాంగ సవరణ, శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా దంపతులకు పుట్టిన వ్యక్తి అమెరికా పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఈ రెండే దానికి పునాది. ఇదే పద్ధతి నడిచిన మరికొన్ని దేశాలు ఒకదాని తర్వాత ఒకటి వెనక్కి తగ్గాయి. బ్రిటన్ 1983 జనవరి 1న ఆపేసింది. ఆస్ట్రేలియా 1986 ఆగస్టు 20న, ఐర్లాండ్ 2004 రెఫరెండం తర్వాత 2005 జనవరి 1 నుంచి, న్యూజీలాండ్ 2006 జనవరి 1 నుంచి అదే బాట పట్టాయి.

భారతదేశం రెండు మెట్లలో దిగింది. 1987 జూన్ 30న భారతదేశంలో పుట్టిన అక్కకు తల్లిదండ్రులు ఎవరన్న ప్రశ్నే లేదు, రాయబారుల పిల్లల్లాంటి కొద్ది మినహాయింపులు తప్ప. 1989లో అదే ఆసుపత్రిలో పుట్టిన తమ్ముడు తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులని చూపాలి. 2005లో పుట్టిన ఆఖరి చెల్లెలికి ఒకరు పౌరులైతే చాలదు, రెండోవారు అక్రమ వలసదారు కూడా కాకూడదు. తల్లి ఒకరే, నేల ఒకటే, నిబంధనలు మూడు. చాలా దేశాల్లో చూడాల్సింది ఈరోజు అమల్లో ఉన్న చట్టాన్ని కాదు, ఆ మనిషి పుట్టిన రోజున అమల్లో ఉన్న చట్టాన్ని. దరఖాస్తులు తప్పేది ఎక్కువగా ఇక్కడే. వెబ్‌సైటులో ఇవాళ్టి నిబంధన చదివి, నలభై ఏళ్ల కిందట పుట్టిన మనిషికి దాన్ని అంటగడతారు.

వంశం ద్వారా వచ్చేది

రక్తసంబంధం మీద ఇచ్చే దేశాల్లో నిన్నమొన్నటి వరకు అందరికంటే ఉదారమైనది ఇటలీ. 1861 మార్చి 17న ఇటలీ రాజ్యం ఏర్పడేనాటికి బతికి ఉన్న ముత్తాత ముత్తాతను చూపించినా సరిపోయేది, మధ్యలో ఎవరూ పౌరసత్వం పోగొట్టుకోకుండా ఉంటే. 2025 మార్చి 28న వచ్చిన అత్యవసర డిక్రీ, ఆ తర్వాత మే నెలలో అది మారిన 74వ నంబరు చట్టం ఆ తలుపును దాదాపు మూసేశాయి. విదేశంలో పుట్టి మరో పౌరసత్వం ఉన్నవాళ్లకు ఇప్పుడు సాధారణంగా తల్లిదండ్రులు, తాత అమ్మమ్మల తరం దాకానే దారి ఉంది. అదీ ఆ పెద్దలకు ఇటలీ పౌరసత్వం ఒక్కటే ఉండాలన్నట్టు షరతులతో. మార్చి 27 అర్ధరాత్రి లోపు, రోమ్ సమయం ప్రకారం, దరఖాస్తు చేసినవాళ్లకు పాత నిబంధన. మర్నాడు చేసినవాళ్లకు కొత్తది. రెండు మూడేళ్లుగా చర్చి రిజిస్టర్ల నకళ్లు పోగేసుకున్నవాళ్లు ఒక్క రాత్రిలో బయటివాళ్లయ్యారు. ఇటలీ పాత నిబంధనల్లోనే ఇంకో మెలిక ఉంది. 1948 జనవరి 1కి ముందు పుట్టిన పిల్లలకు తల్లి ద్వారా పౌరసత్వం రాదన్నది ఆఫీసుల లెక్క, అందుకే అలాంటివాళ్లు కోర్టుకు వెళ్లి తెచ్చుకుంటూ వచ్చారు.

ఈ తల్లి సంగతి ఇటలీ గతంతో పోలేదు. తండ్రితో సమానంగా తల్లి తన పౌరసత్వాన్ని పిల్లలకు ఇవ్వలేని దేశాలు ఈనాటికీ సుమారు 24 ఉన్నాయి. కువైట్, ఖతార్, లెబనాన్ అందులోవే. తండ్రి ఏ దేశం వాడో తేలకపోయినా, తండ్రి దేశం కాగితం ఇవ్వకపోయినా అక్కడి బిడ్డకు ఏ దేశమూ లేకుండా పోవచ్చు. వంశ పద్ధతికి ఇంతకంటే పెద్ద లోపం లేదు, మార్కులు సున్నా.

ఐర్లాండ్ సేవ మాత్రం శుభ్రంగా ఉంటుంది, వరస తప్పనంత వరకు. అక్కడ పుట్టిన తాతో అమ్మమ్మో ఉంటే విదేశీ జననాల రిజిస్టరులో పేరు ఎక్కించుకోవచ్చు. కానీ పౌరసత్వం మొదలయ్యేది పేరు ఎక్కిన రోజు నుంచి, పుట్టిన రోజు నుంచి కాదు. అంటే తల్లి పేరు ఎక్కకముందే బిడ్డ పుడితే ఆ బిడ్డకు ఆ దారి లేదు. బిడ్డ పుట్టాక తీరిగ్గా చేద్దాంలే అనుకున్నవాళ్లు నష్టపోయేది ఇలాగే.

జర్మనీలో ఇలాంటిదే ఒక గడువుంది, దాని గురించి జర్మన్లకే సరిగా తెలియదు. 1999 డిసెంబర్ 31 తర్వాత విదేశంలో పుట్టి, విదేశంలోనే ఉంటున్న జర్మన్ పౌరులకు విదేశంలోనే బిడ్డ పుడితే, ఏడాది లోపు జనన నమోదుకు దరఖాస్తు పెట్టాలి. పెట్టకపోతే, ఆ బిడ్డకు మరో దేశపు పౌరసత్వం దొరికే పక్షంలో, జర్మన్ పౌరసత్వం రాదు. అప్పట్లో పుట్టిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యే వయసుకు వచ్చారు కాబట్టి ఈ నిబంధన దెబ్బ ఇకపైనే కనిపిస్తుంది.

కెనడా 2009 ఏప్రిల్‌లో విదేశంలో పుట్టిన మొదటి తరంతోనే గీత గీసింది. 2023 డిసెంబర్‌లో ఒంటారియో కోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. 2025లో పార్లమెంటు చట్టం మార్చింది. ఇకపై విదేశంలో పుట్టిన కెనడా పౌరులు బిడ్డ పుట్టేలోపు మొత్తం 1,095 రోజులు కెనడాలో గడిపినట్టు చూపితే తర్వాతి తరానికీ ఇవ్వొచ్చు. రక్తానికి నివాసాన్ని కూడా కలిపి తూచే ఈ పద్ధతి మా దృష్టిలో ఉన్నవాటిలో మేలైనది.

రోజుల లెక్క

నివాసం మీద వచ్చే పౌరసత్వంలో పరీక్షల గురించి అందరూ భయపడతారు. నిజానికి పరీక్షల్లో పోయేవాళ్లకంటే రోజుల లెక్కలో పోయేవాళ్లే పాపం. జర్మనీ పరీక్షే చూడండి. 310 ప్రశ్నల పట్టిక ముందే ప్రచురించి ఉంటుంది, అందులోంచి 33 ఇస్తారు, గంట సమయం, 17 సరైతే పాస్. బ్రిటన్‌లో 24 ప్రశ్నలకు 18. కెనడాలో 20కి 15. అమెరికాలో ఇది నోటితో జరిగే పరీక్ష. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు చేసినవాళ్లకు 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 చెప్పాలి. అంతకుముందు దరఖాస్తు చేసినవాళ్లకు 100లోంచి 10, అందులో 6. ఓపిగ్గా చదివితే వారం పది రోజుల పని.

రోజుల లెక్క అలా కాదు. అమెరికా పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలో రెండు వేర్వేరు షరతులు ఉన్నాయి, చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. ఒకటి దేశంలో భౌతికంగా ఉన్న రోజులు: 5 ఏళ్లలో కనీసం 30 నెలలు, పౌరుల జీవిత భాగస్వామి కోటాలో 3 ఏళ్లలో 18 నెలలు. రెండోది నివాసం తెగకుండా ఉండటం. ఒకే ప్రయాణంలో 6 నెలలు దాటి బయట ఉంటే నివాసం తెగినట్టు భావిస్తారు, కాదని నిరూపించుకునే భారం మన మీద పడుతుంది. ఏడాది దాటితే తెగినట్టే. 5 ఏళ్లలో 40 నెలలు అమెరికాలోనే ఉన్నా, మధ్యలో ఒక్క ప్రయాణం 13 నెలలైతే దరఖాస్తు నిలవదు.

ఇక్కడ మళ్లీ మళ్లీ చూసే పొరపాటు రీఎంట్రీ పర్మిట్ మీద, అంటే ఎక్కువ కాలం బయట ఉండి తిరిగి రావడానికి తీసుకునే అనుమతి మీద, నమ్మకం. అది గ్రీన్‌కార్డును కాపాడుతుంది. పౌరసత్వ గడియారాన్ని కాపాడదు. దాన్ని కాపాడే ఫారం వేరు, ఎన్-470. అదీ అమెరికా ప్రభుత్వ ఉద్యోగాలు, కొన్ని అమెరికా కంపెనీల విదేశీ పనులు, పరిశోధన, మత సేవ లాంటి కొన్నింటికే దొరుకుతుంది. తల్లికి బాగోలేక ఏడాదిన్నర ఉండిపోయినవాళ్లకు దొరకదు. తిరిగి వచ్చిన రోజు నుంచి కనీసం 4 ఏళ్ల 1 రోజు మళ్లీ లెక్కపెట్టుకోవాలి.

5 ఏళ్లు నిండడానికి 90 రోజుల ముందే దరఖాస్తు పంపవచ్చు. 91వ రోజున పంపితే తిరస్కరిస్తారు. ప్రభుత్వ సైటులో లెక్కగట్టే సాధనం ఉంది. దాంతో తేదీ తీసి, ఇంకో నాలుగైదు రోజులు ఆగి పంపడం మంచిది. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760. 50 డాలర్లు మిగలడం కన్నా ఆన్‌లైన్‌లో అసలు లాభం వేరే ఉంది, సంతకం మర్చిపోయిందని ఫారం తిరిగి రావడమన్నది ఉండదు.

పౌరసత్వం మొదలయ్యేది ఇంటర్వ్యూ పాసైన రోజు కాదు, ప్రమాణం చేసిన క్షణం. ఆ రెంటి మధ్య కాలంలో ఓటరుగా నమోదైతే అది నేరుగా పౌరుణ్నని అబద్ధం చెప్పినట్టు. డ్రైవింగ్ లైసెన్సు కౌంటర్ దగ్గర తెర మీద వచ్చే ప్రశ్నకు ఆలోచించకుండా అవునని నొక్కి ఇరుక్కోవచ్చు. ప్రమాణం రోజున గ్రీన్‌కార్డు తీసేసుకుని సర్టిఫికెట్ చేతిలో పెడతారు. హాల్లోంచి కదలకముందే పేరు, పుట్టిన తేదీ, పుట్టిన దేశం అక్షరం అక్షరం చూసుకోవాలి. తర్వాత దిద్దించుకోవాలంటే ఎన్-565 అనే మరో ఫారం, నెలల నిరీక్షణ.

బ్రిటన్ లెక్క ఇంకో రకం. 5 ఏళ్లలో బయట గడిపింది 450 రోజులు మించకూడదు, చివరి 12 నెలల్లో 90 మించకూడదు. దీన్ని అందరూ చూసుకుంటారు. చూసుకోనిది ఇది: దరఖాస్తు అందిన తేదీకి సరిగ్గా 5 ఏళ్ల వెనక రోజున మనిషి బ్రిటన్‌లో ఉండాలి. ఆ రోజు సెలవు మీద మరో దేశంలో ఉంటే మిగతావన్నీ సరిపోయినా తేడా వస్తుంది. 2022 చట్టం తర్వాత దీనిలో అధికారులకు కొంత విచక్షణ వచ్చింది గాని, ఇంకొకరి విచక్షణ మీద ఆధారపడటం ఎందుకు? పాత పాస్‌పోర్టు ముద్రలు చూసి, అప్పుడు దేశంలో ఉన్న తేదీ ఎంచుకుని పంపితే సరి.

కెనడా లెక్క అన్నింటికంటే న్యాయంగా ఉంది. 5 ఏళ్లలో 1,095 రోజులు కావాలి. పర్మనెంట్ రెసిడెన్సీ రాకముందు చదువు, ఉద్యోగ వీసాల మీద ఉన్న ప్రతి రోజూ అరరోజు కింద కలుస్తుంది, గరిష్ఠంగా 365 వరకు. సరిగ్గా 1,095 పెట్టి పంపేవాళ్లు ఉంటారు, అది తెలివి కాదు. మరిచిపోయిన ఒక్క వారాంతపు ప్రయాణం చాలు, మొత్తం కుప్పకూలుతుంది. కనీసం ఓ రెండు మూడు వారాలు అదనంగా ఉంచుకోవాలి.

స్విట్జర్లాండ్‌లో 10 ఏళ్లు ఉండి, శాశ్వత నివాసానికిచ్చే సి పర్మిట్ ఉన్నా కేంద్రం, కాంటన్ (మన రాష్ట్రం లాంటిది), ఊరు, మూడూ ఒప్పుకోవాలి. మధ్యలో ఊరు మారితే నివాస గడువు మళ్లీ మొదలయ్యే అవకాశం ఉంది. ఇల్లు మారేముందు చూసుకోండి.

రెంటికీ చెడ్డ రేవడి

కొన్ని దేశాలు పాతది వదిలితేనే కొత్తది ఇస్తాం అంటాయి. వినడానికి సబబుగానే ఉంటుంది. పాతది వదిలిన రోజుకూ కొత్తది చేతికొచ్చే రోజుకూ మధ్య ఏముంది? ఆ ఖాళీ ఎంత లోతో ఒక కేసులో చూడవచ్చు.

ఆస్ట్రియాలో ఉంటున్న ఒక ఎస్టోనియా మహిళకు 2014లో అధికారులు హామీ పత్రం ఇచ్చారు: రెండేళ్ల లోపు ఎస్టోనియా పౌరసత్వం వదులుకున్నట్టు కాగితం తెస్తే మాది ఇస్తాం. ఆమె 2015లో వదిలేసింది, కాగితం తెచ్చింది. 2017లో ఆస్ట్రియా అధికారులు హామీని వెనక్కి తీసుకున్నారు. కారణాల్లో ముఖ్యమైనవి రెండు ట్రాఫిక్ నేరాలు. ఒకటి మద్యం తాగి నడపడం. రెండోది కారు అద్దానికి తనిఖీ స్టిక్కరు అంటించకపోవడం. ఒక స్టిక్కరు కూడా లెక్కలోకొచ్చిన కారణంతో ఆమెకు ఏ దేశమూ లేకుండా పోయింది. 2022 జనవరిలో యూరోపియన్ కోర్టు, అంటే యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం, అది చేసిన తప్పుకు తగ్గ శిక్ష కాదంది. ఆస్ట్రియా పద్ధతికి మా మార్కులు 5కి 1, అదీ హామీ రాతపూర్వకంగా ఇస్తున్నందుకు.

ఇంకో కేసులో దారి తిరగబడింది. ఆస్ట్రియాలో పుట్టినవాడొకడు 1999లో జర్మనీ పౌరసత్వం తీసుకున్నాడు. తీసుకోగానే ఆస్ట్రియా పౌరసత్వం తనంతట తానే పోయింది. స్వదేశంలో తనమీద నడుస్తున్న క్రిమినల్ విచారణ సంగతి దరఖాస్తులో దాచాడని తెలిసి జర్మనీ ఇచ్చినదాన్ని రద్దు చేసింది. పాతది తిరిగి రాలేదు. 2010లో యూరోపియన్ కోర్టు జర్మనీ చేసిన పనిని కొట్టేయలేదు, అయితే అతని బతుకు మీద పడే ప్రభావాన్ని తూచి చూడాలంది. దాచినది మామూలు విషయమా పెద్దదా అన్నది పక్కన పెట్టండి. దరఖాస్తులో "ఎప్పుడైనా కేసు ఉందా" అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు రాయడం ఎందుకు ముఖ్యమో దీంతో తెలుస్తుంది. కొట్టేసిన కేసైనా రాసి, కోర్టు కాగితం జతచేస్తే అధికారి ప్రశ్న అడిగి వదిలేస్తాడు. రాయకుండా తర్వాత దొరికితే కేసు కాదు, దాచడం నేరమవుతుంది.

ఈ ఖాళీకి మందు ఒకటే. వదిలే కాగితం మీద సంతకం చేసేముందు కొత్త దేశం హామీ ఎన్నాళ్లు చెల్లుతుంది, ఏ కారణాలతో వెనక్కి తీసుకోవచ్చు, పాత దేశంలో తిరిగి తెచ్చుకునే దారి ఉందా అన్న మూడూ రాతలో చూసుకోవాలి. ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో 2003 నాటి 9225 చట్టం కింద ప్రమాణం చేసి తిరిగి తెచ్చుకోవచ్చు. అలాంటి చోట్ల ఈ ఖాళీ అంత భయపెట్టదు.

చెప్పకుండా పోయేవి

తీసేసుకునే పద్ధతుల్లో మా ఉద్దేశంలో అన్నిటికంటే చెడ్డది ఆటోమేటిక్ రద్దు. నోటీసు రాదు, అధికారి సంతకం ఉండదు, మనిషికి తెలియకుండానే పౌరసత్వం పోయి ఉంటుంది. భారత పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఇష్టపూర్వకంగా మరో దేశపు పౌరసత్వం తీసుకున్న క్షణాన భారత పౌరసత్వం ముగుస్తుంది. నిబంధనల మూడో షెడ్యూల్ ఇంకో అడుగు ముందుకేస్తుంది. మరో దేశం పాస్‌పోర్టు తీసుకుంటే, ఆ తేదీకి ముందే పౌరసత్వం తీసుకున్నారనడానికి అదే తిరుగులేని రుజువు. ఎంబసీకి వెళ్లి పాస్‌పోర్టు అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవడం పౌరసత్వం వదలడం కాదు. ఎప్పుడో పోయినదానికి రసీదు తీసుకోవడం. ఆ రసీదు లేకపోతే, విదేశీ పౌరులైన భారత మూలాలవాళ్లకు ఇచ్చే ఓసీఐ కార్డు దగ్గర ఆగిపోతారు. పాత పాస్‌పోర్టులో ఇంకా గడువుంది కదా అని దాంతో ప్రయాణిస్తే జరిమానా. ఓసీఐ కూడా పౌరసత్వం కాదు. ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనడానికి లేదు, ప్రభుత్వం రద్దు చేయగలదు.

జపాన్ పౌరసత్వ చట్టంలోని 11వ అధికరణ, చైనా 1980 చట్టంలోని 9వ అధికరణ ఇదే దారి. దక్షిణాఫ్రికాలోనూ ఇలాగే ఉండేది, ముందుగా మంత్రి అనుమతి తీసుకోకపోతే. 2025 మే 6న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఆ సెక్షన్‌ను కొట్టేసి, అది అమల్లోకి వచ్చిన 1995 అక్టోబర్ నుంచీ అలా పోగొట్టుకున్నవాళ్లెవరూ పౌరసత్వం కోల్పోనట్టేనని తేల్చింది. పాత పొరపాటును మొదటి నుంచీ దిద్దిన ఇలాంటి తీర్పు అరుదు.

గడువు దాటి పోయేవి ఇంకో రకం. రెండో పౌరసత్వం ఉండి, నెదర్లాండ్స్ రాజ్యానికీ యూరోపియన్ యూనియన్‌కూ బయట 13 ఏళ్లు ఉన్నవాళ్ల డచ్ పౌరసత్వం పోతుంది. 2022 దాకా ఇది 10 ఏళ్లే. గడియారాన్ని వెనక్కి తిప్పడం మాత్రం తేలిక. 13 ఏళ్లు నిండేలోపు కొత్త పాస్‌పోర్టో, గుర్తింపు కార్డో, పౌరసత్వ ధ్రువీకరణ పత్రమో తీసుకుంటే ఆ రోజు నుంచి మళ్లీ మొదలు. పాస్‌పోర్టు గడువు తీరిందని పట్టించుకోనివాళ్లే పోగొట్టుకుంటారు. డెన్మార్క్‌లో విదేశంలో పుట్టి ఎన్నడూ అక్కడ ఉండనివాళ్లకు 22 ఏళ్ల గీత. స్విట్జర్లాండ్‌లో 25, కానీ అక్కడ అధికారులకు ఒక్కసారి ఉనికి తెలియజేస్తే చాలు. సింగపూర్‌లో విదేశంలో పుట్టి వంశం ద్వారా పౌరులైనవాళ్లు 21 నిండాక 22 లోపు ప్రమాణం చేసి, ఉన్న మరో పౌరసత్వం వదలాలి. డచ్, డేనిష్ నిబంధనలు రెండింటినీ యూరోపియన్ కోర్టు 2019లో, 2023లో చూసింది. రెండింటినీ పూర్తిగా తప్పనలేదు, మనిషి మనిషికీ ప్రభావం తూచే అవకాశం ఉండాలంది. గడువు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోవడానికి కోర్టుల కన్నా తక్కువ ఖర్చవుతుంది.

ప్రభుత్వం తీసుకునేవి

అమెరికాలో ప్రభుత్వం తన ఇష్టంతో పౌరసత్వం తీసేయలేదు. ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటు వేశాడని ఒకాయనకు పాస్‌పోర్టు ఇవ్వనంటే, 1967లో సుప్రీంకోర్టు 5-4తో ఆయన పక్షాన నిలిచింది. మనిషి తానుగా వదులుకోవాలన్న ఉద్దేశం ఉంటేనే పోతుంది. మోసంతో తెచ్చుకున్న నాచురలైజేషన్‌ను, అంటే దరఖాస్తు మీద వచ్చిన పౌరసత్వాన్ని, మాత్రం రద్దు చేయొచ్చు, దానికి కాలపరిమితి లేదు, కోర్టుకే వెళ్లాలి. చెప్పిన అబద్ధం పౌరసత్వం దొరకడంలో పాత్ర పోషించి ఉండాలని 2017లో సుప్రీంకోర్టు షరతు పెట్టింది.

బ్రిటన్‌లో హోం మంత్రి ప్రజాహితం పేరుతో తీసేయగలరు, రెండో పౌరసత్వం ఉన్నవాళ్లకు పుట్టుకతో వచ్చినదైనా సరే. 2022 చట్టం కొన్ని సందర్భాల్లో ముందు నోటీసు కూడా అక్కర్లేదంది. ఐసిస్‌లో చేరడానికి సిరియా వెళ్లిన లండన్ అమ్మాయి షమీమా బేగం కేసులో బ్రిటన్ కోర్టులు ఆమె తల్లిదండ్రుల ద్వారా బంగ్లాదేశ్ పౌరురాలని లెక్కవేశాయి. బంగ్లాదేశ్ ఆమె మా మనిషి కాదంది. కాగితం మీద రెండు దేశాలు, వాస్తవంలో ఒక్కటీ లేదు. ఆమె చేసిన పని మీద ఎవరి అభిప్రాయం వాళ్లది. సేవగా చూస్తే మాత్రం ఇది వలస కుటుంబాల పిల్లలకు ఇచ్చే రెండో తరగతి టికెట్. తల్లిదండ్రులిద్దరూ బ్రిటన్ వాళ్లయిన పిల్లకు ఇదే నేరంలో ఈ శిక్ష పడదు.

డొమినికన్ రిపబ్లిక్‌లో 2013లో రాజ్యాంగ న్యాయస్థానం 1929 దాకా వెనక్కి వెళ్లి, పత్రాల్లేని వలసదారులకు అక్కడ పుట్టినవాళ్లు పౌరులు కారంది. దెబ్బ పడింది ఎక్కువగా హైతీ మూలాలవాళ్ల మీద, మూడు తరాలుగా అక్కడే పుట్టినవాళ్ల మీద కూడా. కువైట్ 2024 నుంచి వేల మందిది రద్దు చేసింది, పెళ్లి ద్వారా పౌరులైన ఆడవాళ్లు ఎందరో అందులో ఉన్నారు. పాతది వదిలితేనే ఇచ్చిన పౌరసత్వమది. 1961 నాటి ఐక్యరాజ్య సమితి ఒప్పందం దేశరహితుల్ని చేయకూడదంటుంది, అదీ సంతకం చేసిన దేశాలకే, మినహాయింపులతోనే.

కొనుక్కునే పౌరసత్వం మీద ఎక్కువ మాట అవసరం లేదు. సెయింట్ కిట్స్ 1984లో మొదలుపెట్టింది. 2024లో కరీబియన్ దేశాలు నాలుగు కలిసి కనీస ధర 2 లక్షల డాలర్లుగా ఖాయం చేసుకున్నాయి. కొనేవాళ్లు కొనేది ఆ దీవిని కాదు, వీసా లేని ప్రయాణాన్ని. అది అమ్మేవాళ్ల చేతిలో లేదు. 2023 జూలైలో డొమినికా, వనువాటు వాళ్లకు బ్రిటన్ వీసా పెట్టగానే సగం సరుకు మాయమైంది. సైప్రస్ 2020లో దుకాణం మూసింది. మాల్టాది యూరోపియన్ కోర్టు 2025 ఏప్రిల్ 29న చట్టవిరుద్ధమంది.

వదిలేయాలంటే

అర్జెంటీనాలో పుట్టినవాళ్లకు వదిలేసే వీలే లేదు. అమెరికా వదలనిస్తుంది, కానీ దేశం బయట కాన్సులర్ అధికారి ముందు స్వయంగా ప్రమాణం చేయాలి. ఫీజు 2014లో 450 నుంచి 2,350 డాలర్లకు పెరిగింది, ఇప్పుడెంతో చూసుకోవాలి. అంతకు మించిన ఖర్చు పన్ను. ఆస్తి 20 లక్షల డాలర్లు దాటినా, గత 5 ఏళ్ల పన్ను పత్రాలన్నీ సరిగా ఉన్నాయని ధ్రువీకరించలేకపోయినా, ఆస్తులన్నీ ఆ ముందురోజే అమ్మినట్టు లెక్కకట్టి పన్ను వేస్తారు. ఆస్తి లేని మనిషి కూడా రెండో షరతు మీద ఇందులో పడతాడు, జాగ్రత్త.

చివరగా పిల్లలు. భారత చట్టంలో 8వ సెక్షన్, 9వ సెక్షన్ పక్కపక్కనే ఉన్నా ఫలితాలు వేరు. తండ్రి గాని తల్లి గాని 8 కింద డిక్లరేషన్ ఇచ్చి వదులుకుంటే మైనర్ బిడ్డదీ పోతుంది, కానీ ఆ బిడ్డ మేజరయ్యాక ఏడాది లోపు డిక్లరేషన్ ఇచ్చి తిరిగి తెచ్చుకోవచ్చు. విదేశీ పౌరసత్వం తీసుకుని 9 కింద పోగొట్టుకుంటే ఆ హక్కు రాదని 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. విదేశాల్లో స్థిరపడినవాళ్లలో ఎక్కువమందిది పోయేది 9 కిందే. సరెండర్ సర్టిఫికెట్ చేతిలో పడ్డాక కాదు, కొత్త దేశంలో ప్రమాణానికి తేదీ ఖాయం కాకముందే కూర్చుని ఈ రెండు సెక్షన్లూ చదవాలి.